జేగంట ఒకరిది, చాకిరీ ఊరందరిది

నార గుడ్డ కట్లు 8 లక్షలు. రాగి కడ్డీలు 90 వేలు. దళసరి తోళ్లు 80 వేలు. వండిన చేపలు 17 వేలు. ఏ సైన్యమో పిలిచిన టెండరు అనుకుంటే పొరపాటే. 2006 జనవరిలో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆన్‌లైన్ ఆటలో ప్రతి సర్వర్ మీదా ఆటగాళ్ల ముందు పెట్టిన సరుకుల జాబితాలో ఇవి కొన్ని మాత్రమే. ఈ కట్లు, కడ్డీలు, తోళ్లు, చేపలు అన్నీ కంప్యూటర్ తెర మీది బొమ్మలే. వాటి కోసం పోగొట్టుకున్న నిద్ర మాత్రం అసలు సిసలైనది.

కాలిఫోర్నియాకు చెందిన బ్లిజార్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ 2004 నవంబరులో ఈ ఆటను విడుదల చేసింది. నెలకు సుమారు 15 డాలర్లు కట్టి ఆడాలి. అయినా 2005 చివరికే చందాదారులు 50 లక్షలు దాటారు. ఒక్కో సర్వర్ ఒక్కో ప్రపంచం. అందులో ఎలయన్స్, హోర్డ్ అనే రెండు వైరి పక్షాలు. ఒక పని ముగిస్తేనే తర్వాతి పని తెరుచుకునే గొలుసును ఈ ఆటలో క్వెస్ట్‌లైన్ అంటారు. అవి వందల్లో ఉన్నాయి. చాలావాటిని భోజనం వేళలోపు ముగించవచ్చు. కానీ 2006 జనవరి 3న వచ్చిన ఒక గొలుసు నెలల తరబడి సాగింది. అంత పొడవు, అంత యాతన ఉన్నది ఆ ఆటలో మరొకటి లేదని పాతకాపులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

కథ చిన్నదే. సిలిథస్ అనే ఎడారిలో ఆన్‌కిరాజ్ అనే పురాతన నగరం ఉంది. దాని కోట ద్వారం మూసి ఉంది. అది తెరవాలంటే రెండు పనులు జరగాలి. సర్వర్‌లోని రెండు పక్షాలూ ఎవరి జాబితా ప్రకారం వారు యుద్ధ సామగ్రి పోగు చేయాలి. ఎవరో ఒకరు 'సెప్టర్ ఆఫ్ ద షిఫ్టింగ్ శాండ్స్' అనే రాజదండాన్ని సంపాదించి, దానితో ద్వారం ముందున్న జేగంట కొట్టాలి. మొదటిది ఊరి పని, రెండోది ఒక్కరి పని. అసలు తమాషా అంతా ఈ రెండింటి పొత్తులోనే ఉంది.

రాజుగారి తొట్టిలో రాత్రికి తలా ఒక బిందె పాలు పొయ్యమంటే, అందరూ పోస్తారులే అనుకుని ప్రతివాడూ నీళ్లే పోసిన కథ మనకు కొత్త కాదు. ఫలం అందరికీ దక్కేటప్పుడు శ్రమ పక్కవాడికి వదిలేయడమే మనిషికి లాభమని, అందువల్లే పెద్ద గుంపులు ఉమ్మడి పనులు చేయలేవని అమెరికన్ ఆర్థికవేత్త మాన్సుర్ ఓల్సన్ 1965లో ఒక పుస్తకమే రాశాడు. రాజనీతిశాస్త్రం తరగతిలో దాన్ని బట్టీ పట్టినవాళ్లకు ఈ జాబితా చూడగానే వచ్చే సందేహం ఒకటే. 8 లక్షల కట్లు ఎవడు కడతాడు?

కట్టారు. అందుకు ఒక కారణం జాబితాలోనే ఉంది. రాగి, నార గుడ్డ ఆటలో అడుగుపెట్టిన కొత్తవాడికి దొరికే సరుకులు. థోరియం కడ్డీలు, రూన్‌క్లాత్ కట్లు ముదిరినవాళ్ల పని. అంటే నిన్న గాక మొన్న చేరినవాడు కూడా ఊరి చందాలో తన వంతు వేయగలడు. సేకరణ కేంద్రాలు రెండు పక్షాల రాజధానులైన ఐరన్‌ఫోర్జ్, ఆర్‌గ్రిమార్‌లలో నడిబొడ్డున ఉండేవి. ఎంత వచ్చింది, ఇంకెంత రావాలి అనే లెక్క అందరికీ కనిపించేది. అవతలి పక్షం మనకంటే ముందుందని తెలిస్తే ఇక్కడ చేతులు చురుగ్గా కదిలేవి. శత్రువు జాబితా కూడా నిండితే తప్ప ద్వారం తెరుచుకోదు కాబట్టి, శత్రువు చకచకా పోగుచేస్తే లోలోపల సంతోషించాల్సిన వింత పరిస్థితి. జాబితాలు రెండూ నిండాక ఆ సామగ్రిని సిలిథస్‌కు చేరవేయడానికి మరో 5 రోజులు.

చాకిరీలో రెండో భాగం వేరు. రాజదండం కోసం బయల్దేరే మనిషి ఒక్కడే అయినా అతడి వెనుక కనీసం 40 మంది ఉండాలి. ముందు బ్లాక్‌వింగ్ లెయిర్ అనే గుహలో బ్రూడ్‌లార్డ్ లాష్‌లేయర్‌ను చంపి తల తేవాలి. తర్వాత కాలాన్ని కాపాడే కంచు డ్రాగన్ల వంశం మెప్పు పొందాలి. మొదట్లో ఆ వంశం లెక్కలో మన హోదా 'ద్వేషం'. అక్కడి నుంచి కనీసం 'తటస్థం' దాకా ఎక్కాలంటే సిలిథిడ్ పురుగుల పెంకు ముక్కలు 200 చొప్పున సమర్పించుకుంటూ పోవాలి. మొత్తం కలిపితే 40 వేల దరిదాపుల్లో తేలుతుంది. ఇందులో కథా లేదు, సాహసమూ లేదు. పురుగుల పుట్టల్లోకి దిగడం, చంపడం, ఏరుకోవడం. రాత్రుళ్ల తరబడి అదే పని. ఇక్కడే చాలా గిల్డ్‌లు, అంటే కలిసి ఆడే బృందాలు, చేతులెత్తేశాయి.

ఆ గండం దాటితే మూడు డ్రాగన్ల నుంచి మూడు ముక్కలు సాధించాలి. ఎర్ర ముక్కకు గడియారం పెట్టారు. బ్లాక్‌వింగ్ లెయిర్‌లోని 8 పోరాటాల్లో రెండోది వేలాస్ట్రాజ్‌తో. అతడితో మాట కలిపిన క్షణం నుంచి 5 గంటల్లో ఎనిమిదోవాడైన నెఫారియన్ చావాలి. ఆలస్యమైతే ఆ వారానికి అంతే, ఎందుకంటే గుహ వారానికి ఒకసారే కొత్తగా మొదలవుతుంది. నెఫారియన్ ఊదే నీడ మంటకు తట్టుకోవాలంటే ఒనిక్సియా అనే మరో డ్రాగన్ పొలుసుతో కుట్టిన దుప్పటి ప్రతి ఒక్కరి భుజాన ఉండాలి. ఒనిక్సియా 5 రోజులకు ఒకసారే దొరుకుతుంది. కాబట్టి 40 దుప్పట్లు సమకూరడానికే వారాలు పట్టేవి. ఇవి గాక గంటల తరబడి బలమిచ్చే కషాయాలు. వాటికి కావలసిన బ్లాక్ లోటస్ పువ్వు లోకం మొత్తం మీద ఏ నాలుగు చోట్లో, అదీ ఎప్పుడో ఒకసారి పూస్తుంది. పక్క గిల్డ్ వాడు ముందే కోసుకుపోయి ఉంటాడు.

ఆకుపచ్చ ముక్క కోసం ఎరానికస్ అనే పిచ్చెక్కిన డ్రాగన్ మూన్‌గ్లేడ్ మీద విరుచుకుపడితే కాచుకోవాలి. నీలి ముక్క దారి మాత్రం ప్రహసనం. సంగతి తేల్చాలంటే నరైన్ అనే జోస్యుడు కావాలి. అతడికి ఎనిమిది ముక్కలై లోకమంతా చెదిరిపోయిన ఒక పుస్తకం కావాలి. ఆ పుస్తకం పేరు 'డ్రకోనిక్ ఫర్ డమ్మీస్'. మధ్యలో 500 పౌండ్ల కోడి అంటూ వంటవాడి బేరం ఒకటి. ఇన్నీ అయ్యాక సముద్రంలోకి దిగి మాస్ అనే సొరచేపతో తలపడాలి. రాసినవాళ్లకు హాస్యప్రియత్వం పుష్కలం. రాత్రి రెండింటికి ఆడేవాళ్లకు అది ఎంత మిగిలి ఉంటుందన్నది వేరే సంగతి.

వీటన్నిటికంటే కష్టమైనది డ్రాగన్లతో సంబంధం లేని పని: ఆ ఒక్కడు ఎవరో తేల్చడం. రాజదండం ఒకరి ఖాతాలోనే ఉంటుంది. మరొకరికి బదిలీ కాదు. జేగంట కొట్టినవాడికి దక్కే నల్ల కిరాజీ పురుగు వాహనం కూడా అతడొక్కడిదే. 39 మంది నెలల శ్రమ ఒకరి గూట్లో దాచుకోవాలన్న మాట. సొత్తు పంపకానికి గిల్డ్‌లకు అప్పటికే ఒక పద్ధతి ఉంది. హాజరుకు పాయింట్లు వేస్తారు. ఖరీదైన వస్తువు దొరికితే ఆ పాయింట్లు చెల్లించి తీసుకోవాలి. దాని పేరు డ్రాగన్ కిల్ పాయింట్లు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ ఆటలో పుట్టింది. ఓ రకంగా చూస్తే రోజు కూలీ చీటీల వ్యవస్థ. కానీ రాజదండానికి ఆ లెక్క సరిపోదు. పాయింట్లు ఎక్కువున్నవాడికే ఇస్తే అతడు రేపు ఉద్యోగం మారి ఆట మానేయవచ్చు. వాహనం చేతికందిన మర్నాడే పెద్ద గిల్డ్‌కు గోడ దూకవచ్చు. అందుకే చాలాచోట్ల నాయకుడికో, అందరి తరఫునా దెబ్బలు కాసే ప్రధాన యోధుడికో అప్పగించారు. అతడు లేకపోతే ఎలాగూ గిల్డే లేదు కదా అన్నది తర్కం. మన పార్టీల్లో టికెట్ల పంపకం చూసినవాళ్లకు ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. అసమ్మతి కూడా అలాగే ఉండేది. ఎంపిక జరిగిన రాత్రే చీలిపోయిన గిల్డ్‌ల కథలకు కొదవ లేదు.

గిల్డ్‌ల మధ్య రాజకీయం ఇంకాస్త ముదురు. మొదటి జేగంట మోగాక 10 గంటల లోపు కొట్టగలిగినవారికి కూడా వాహనం దక్కుతుంది. ఆ తర్వాత ఎవరికీ లేదు. అంటే సామగ్రి నిండిపోతే దండం సిద్ధంగా లేని గిల్డ్‌కు నష్టం. కనుక ఊరు నాలుగు చేతులా పోగుచేస్తుంటే, కొన్ని పెద్ద గిల్డ్‌లు మాత్రం సరుకు దాచిపెట్టి కాలయాపన చేశాయి. కొన్ని సర్వర్‌లలో పోటీ గిల్డ్‌లు కూర్చుని ముహూర్తం ఖరారు చేసుకున్నాయి. కట్లు కట్టిన కొత్తవాడిని ఆ చర్చకు ఎవరూ పిలవలేదు.

ఈ ఆటకు భారత్‌లో సర్వర్ ఎప్పుడూ లేదు. ఇక్కడివాళ్లు అమెరికా, ఐరోపా సర్వర్‌లలో చేరి ఆడారు. 2006లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటి నుంచి ఆడాలంటే బిఎస్ఎన్ఎల్ డేటావన్ వేగమే గతి. దానిలో కొన్ని పథకాలకు తెల్లవారుజామున 2 నుంచి 8 గంటల దాకా వాడకానికి లెక్క ఉండేది కాదు. అమెరికా తూర్పు తీరంలో అప్పటికి మధ్యాహ్నం దాటి సాయంత్రం పడుతుంది, గిల్డ్‌లు గుహలకు బయల్దేరే వేళ. ఆ సౌకర్యం కోసం అలారం పెట్టుకుని లేచినవాళ్లను ఇంట్లోవాళ్లు చదువు మీద శ్రద్ధగా భావించిన సందర్భాలు లేకపోలేదు.

ఇంత చేసి జేగంట మోగిన రోజున ఏం జరిగింది? సర్వర్‌లోని జనమంతా ఒకే ఎడారిలో గుమిగూడారు. యంత్రాలు ఆ బరువు మొయ్యలేకపోయాయి. నెలల తరబడి ఎదురుచూసినవాళ్లలో అనేకమందికి ద్వారం తెరుచుకునే దృశ్యం బదులు బిగుసుకుపోయిన తెర మిగిలింది. కొందరిని ఆట బయటకే నెట్టేసింది. 2010 నవంబరులో ప్రపంచాన్ని తిరగరాసినప్పుడు బ్లిజార్డ్ ఈ గొలుసును అసలు ఆటలోంచి తీసేసింది.

పాత ఆటను 'క్లాసిక్' పేరిట 2019లో తిరిగి తెచ్చాక, 2020 జూలై 28న ఇదే సేకరణ మళ్లీ మొదలైంది. ఈసారి అందరికీ కథ ముందే తెలుసు. కరోనా కాలం, ఇళ్లలో బందీలు, చేతిలో బోలెడు సమయం. నెలల ముందు నుంచే సరుకు గోతాల్లో నింపి పెట్టారు. చాలా సర్వర్‌లలో జాబితా చూస్తుండగానే నిండిపోయింది. ఈ విలేఖరి కూడా ఆ వేసవిలో నార గుడ్డ ఏరి దాచాడు. పని ఒత్తిడిలో రెండు రోజులు ఆలస్యంగా వెళ్లేసరికి కట్లు తీసుకునే కౌంటర్ దగ్గర ఇక అక్కర్లేదన్నారు. ఆ కట్లు ఇప్పటికీ బ్యాంకు గూట్లో ఉన్నాయి.