గడియారం జరగొద్దు... పని వేళలు జరగాలి

సాయంత్రపు వెలుగు కోసం గడియారాన్ని ముందుకు తిప్పాలన్న వాదన మన దేశంలోనూ ఉంది. రామప్ప గుడి ఉన్న పాలంపేట పొద్దుతో దాన్ని కొలిచి చూద్దాం.

డిసెంబరులో హైదరాబాద్ నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి పాలంపేట చేరేవాళ్లకు ఒకటే తొందర. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడిలో నల్లరాతి మదనికలను తనివితీరా చూడాలంటే వెలుగుండాలి. 5.40కల్లా పొద్దు గూకుతుంది. ఇంకో అరగంట వెలుతురుంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది.

ఆ అరగంట మీదే జాతీయ స్థాయిలో చర్చ నడిచింది. బెంగళూరు పరిశోధకులు దిలీప్ అహుజా, డి.పి.సేన్‌గుప్తా భారత ప్రామాణిక కాలాన్ని శాశ్వతంగా అరగంట ముందుకు జరపాలన్నారు. సాయంత్రం లైట్లు ఆలస్యంగా వేసుకుంటే ఏటా రెండు వందల కోట్ల యూనిట్లకు పైగా కరెంటు మిగులుతుందని లెక్కకట్టారు.

యుద్ధంతో మొదలు

1916లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, బొగ్గు పొదుపు కోసం జర్మనీ గడియారాలు తిప్పింది. రెండో యుద్ధంలో మన దేశమూ 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా గంట ముందుకు జరిగింది. అమెరికా ఇప్పటికీ మార్చిలో ముందుకు, నవంబరులో వెనక్కి తిప్పుతోంది. న్యూజెర్సీలో పిల్లలున్న మన తల్లిదండ్రులు ఫోన్ చేసే వేళను అందుకే ఏడాదికి రెండుసార్లు సరిచూసుకుంటారు. అక్కడా విసుగు పెరిగింది. ఈ తిప్పుళ్లు ఆపాలని 2019లో ఐరోపా పార్లమెంటు, 2022లో అమెరికా సెనేట్ ఓటేశాయి. అయినా ఆగలేదు.

పాలంపేట పొద్దు లెక్క

లండన్‌లో పగలు జూన్‌లో పదహారున్నర గంటలు, డిసెంబరులో ఎనిమిది గంటల లోపే. అంత తేడా ఉన్నచోట గడియారం తిప్పడానికి అర్థముంది. పాలంపేట 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. ఇక్కడ అతి పెద్ద పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, అతి చిన్నది సుమారు 11 గంటలు. ఏడాది పొడవునా మిగుల్చుకోదగ్గ వెలుగే తక్కువ.

అరగంట జరిపితే డిసెంబరులో సూర్యోదయం ఏడు దాటాకే. బడి పిల్లలు చలిలో, చీకట్లో తయారవ్వాలి. గంట జరిపితే మే నెలలో ఏడున్నర దాటినా పొద్దు కుంకదు. చలిదేశాల్లో సాయంత్రపు ఎండ వరం. వడగాడ్పులు వీచే మనకు ఎండ ఎప్పుడు దిగుతుందా అన్నదే ఎదురుచూపు.

మన దారి మనకుంది

గడియారం ముట్టుకోకుండానే పొద్దుతో సర్దుకోవడం తెలంగాణకు తెలుసు. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఎండాకాలంలో ఉపాధి హామీ కూలీలు పొద్దున్నే పనికి దిగుతారు. ములుగు అడవుల్లో తునికాకు కోసేవాళ్లు తెల్లవారకముందే బయలుదేరి ఎండ ముదిరేలోగా ఇల్లు చేరతారు. ఎవరికి అవసరమో వాళ్ల పని వేళే మారుతుంది, దేశమంతా కదలాల్సిన పనిలేదు.

ఈశాన్య రాష్ట్రాల మాట వేరు. అరుణాచల్ తూర్పు కొసకూ గుజరాత్ పడమటి కొసకూ సూర్యోదయంలో దాదాపు రెండు గంటల తేడా. అస్సాం తేయాకు తోటలు ఎప్పటినుంచో గంట ముందున్న సొంత సమయం పాటిస్తున్నాయి. 2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు వారికి వేరే కాలమండలం సూచించారు. అది న్యాయమైన కోరిక, తీర్చాలి. కానీ ప్రామాణిక కాలరేఖ కాకినాడ సమీపం నుంచే పోతున్న మనకు, ఆ రేఖకు పది నిమిషాలే వెనకున్న పాలంపేటకు ఆ అవసరం లేదు.

మనకు కావలసింది కాలాన్ని బట్టి మారే పని వేళలు. భవన నిర్మాణ కార్మికులకు, పారిశుద్ధ్య సిబ్బందికి, ఎండలో నిలబడే ట్రాఫిక్ పోలీసులకు వేసవి వేళలను ప్రభుత్వం ముందే ప్రకటించాలి, కచ్చితంగా అమలు చేయాలి. బడి పిల్లలకు ఇస్తున్న ఆ వెసులుబాటు చెమటోడ్చి బతికే పెద్దలకూ హక్కుగా దక్కాలి.