వంద కిలోల గీతకు ఇవతల

"మనవి చిన్న కొట్లు బాబూ, ఆ కొత్త చెత్త రూల్సు మనకేం వర్తిస్తాయి?" అనకాపల్లిలో వ్యాపారులు అడిగే మాట ఇది. ఘన వ్యర్థాల నిర్వహణ కొత్త నిబంధనలు 2016 నాటి పాతవాటి స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చాయి. వ్యాపారి ముందుగా గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు అందులో రెండే: 100, 4. రోజుకు 100 కిలోలు, ఆపైన చెత్త వచ్చేచోట అదనపు బాధ్యతలు పడతాయి. 4 రకాలుగా వేరు చేయడం మాత్రం ఇడ్లీ బండి నుంచి ఫార్మా కంపెనీ దాకా అందరి పని.

గీత దాటామో లేదో తేల్చే కొలతలు మూడు, వాటిలో ఏ ఒక్కటి సరిపోయినా పెద్ద ఉత్పత్తిదారు కిందే లెక్క. చెత్త 100 కిలోలు ఒకటి. భవన విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు మరొకటి, అంటే సుమారు 2.15 లక్షల చదరపు అడుగులు. మూడోది చాలామంది చూడనిది: రోజుకు 40,000 లీటర్ల నీటి వాడకం. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని ప్రభుత్వ ప్రమాణం. ఆ లెక్కన 300 మంది ఉండే హాస్టల్‌కి చెత్త తూచే అవసరమే రాదు, నీళ్ల దగ్గరే గీత దాటేస్తుంది. దాటినవాళ్లు కేంద్ర పోర్టల్‌లో నమోదు కావాలి. తడిచెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగా మార్చాలి. వీలుకాకపోతే మరోచోట శుద్ధి చేయించినట్టు ధ్రువపత్రం తీసుకోవాలి. నమోదు కాకపోయినా, తప్పుడు లెక్క ఇచ్చినా పర్యావరణ పరిహారం కట్టాలి.

మరి ఇవతల ఉన్నవాళ్ల సంగతి? నాకు పట్టింపు ఎక్కువ వీళ్ల మీదే. అనకాపల్లి బజారంతా వీళ్లే.

రోజుకు 300 టిఫిన్లు అమ్మే హోటల్‌ని తీసుకుందాం. ప్లేటుకు 40 గ్రాములు మిగులుతుందనుకుంటే 12 కిలోలు. కూరగాయల తొక్కలు, కొబ్బరి, టీ పిప్పి కలిపి ఇంకో 8 వేసుకోండి. తడిచెత్త 20 కిలోలైంది. పాల ప్యాకెట్లు, పార్శిల్ కవర్లు, అట్టపెట్టెలు అన్నీ కలిపినా 3 కిలోలు మించవు. మొత్తం 23. ఇదంతా వెనకసందులో ఒకే డ్రమ్ములో పడిందా, ఆ 3 కిలోలు మిగతా 20 కిలోలను ఎరువుకు పనికిరాకుండా చేస్తాయి. చట్నీలో నానిన అట్టను తుక్కు కొట్టువాడూ తీసుకోడు. నెలకు దాదాపు 700 కిలోలు ఇలా ఎందుకూ కొరగాకుండా పోతున్నాయి. ఆ రెంటినీ విడిగా ఉంచడానికి కావలసింది గిన్నెలు కడిగేచోట ఒకటికి రెండు డబ్బాలు. ఖాళీ అయిన 15 కిలోల నూనె డబ్బాలు హోటల్లో ఎటూ ఉంటాయి.

పాల ప్యాకెట్ దగ్గర ఒక్క చిన్న జాగ్రత్త చెప్పాలి. మూల పూర్తిగా తెంపితే ఆ గోరంత ముక్క తడిచెత్తలో కలిసి ఎవరికీ దొరకదు. కొంచెం అంటుకుని ఉండేలా కత్తిరించి, కడిగి, ఆరబెడితే ప్యాకెట్ మొత్తం రీసైక్లింగ్‌కి పోతుంది.

వేరు చేయడం మన ఊరికి కొత్త విద్యేమీ కాదు. చెరకు ఆడేచోట రసం పెనంలోకి పోతుంది, పిప్పి ఎండకు పోతుంది. ఎండిన పిప్పే ఆ పెనం కింద మంట. బెల్లం వండే రైతు ఆ పిప్పిని పారేయడు. అదే పిప్పి రోడ్డుపక్క చెరకు రసం బండి దగ్గర చెత్త అయిపోతోంది. వంద కిలోల చెరకు ఆడితే దగ్గర దగ్గర సగం పిప్పే. స్ట్రాలు, కప్పులు కలవకపోతే అంతా ఎరువుకు పనికొచ్చే సరుకు. ప్లాస్టిక్ స్ట్రా, కప్పు అయితే అసలు 2022 జులై 1 నుంచే నిషేధం.

కల్యాణ మండపాల లెక్క వేరు. ఆకు, అందులో మిగిలింది కలిపి మనిషికి 200 గ్రాములు అనుకుంటే 800 మంది భోజనానికి 160 కిలోలు. అరలీటరు నీళ్ల సీసాలు 800 పెడితే, ఖాళీవి పది కిలోలు కూడా తూగకపోవచ్చు గానీ రెండు పెద్ద డ్రమ్ముల్లో కూడా పట్టవు. గ్లాసుల్లో పోస్తే ఆ బెడదే లేదు. రోజూ పెళ్లి ఉండదు కాబట్టి హాలు ఏ వర్గంలోకి వస్తుందో విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) జోనల్ కార్యాలయంలో అడిగి, రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. యలమంచిలి, నర్సీపట్నం వాళ్లు తమ మున్సిపాలిటీలో అడగాలి. లైసెన్సు లేని చోట వందమందికి మించిన వేడుక చేస్తే కనీసం 3 పనిదినాల ముందు స్థానిక సంస్థకు చెప్పాలన్నది 2016 నిబంధనల్లోనే ఉంది.

ఇక ఆఫీసులు. 25 మంది, రోజుకు మూడు టీలు, నెలకు 25 పనిరోజులు: 1,875 పేపర్ కప్పులు. లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది కనుక అవి కాగితమూ కావు, తడిచెత్తా కావు. పాతిక స్టీలు గ్లాసులు కొంటే అన్నీ తప్పుతాయి. తడి, పొడి తర్వాత మూడో బుట్ట శానిటరీ వ్యర్థాలది. ఆడవాళ్ల టాయిలెట్‌లో మూత ఉన్న బుట్ట, చుట్టడానికి కాగితం పెట్టడం యజమాని బాధ్యత, అడిగించుకోకూడదు. నాలుగోది ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి: మాడిపోయిన బల్బులు, పెయింటు డబ్బాలు, గడువు దాటిన మందులు. నెలకోసారి నిండే ఒక్క అట్టపెట్టె చాలు.

కొనుగోళ్లకు ముందు ఒక వారం తూకం వేయండి. కొట్లో కాటా ఉండనే ఉంది. తడి, పొడి విడివిడిగా, ఏడు రోజులు, ఒక నోటుపుస్తకంలో. అందులో ఆదివారం, పండగరోజు ఒకటి పడాలి. కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర నాటి లెక్క మామూలు మంగళవారం లెక్కలా ఉండదు. గీతకు ఎంత దూరంలో ఉన్నారో, ఎంత డబ్బా కొనాలో ఆ పుస్తకమే చెబుతుంది. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికీ అదే.

పగిలిన గాజు ఈ డబ్బాల్లో పడేయకండి. పొద్దున్నే బండి తెచ్చే ఆమె సంచిలో చెయ్యి పెట్టే తీస్తుంది. రెండు మడతల న్యూస్‌పేపర్లో చుట్టి, పైన స్కెచ్‌తో పెద్దగా 'గాజు' అని రాసి, "అమ్మా, ఇది గాజు" అని చెప్పి చేతికివ్వండి.