హాఫ్మను: భయానక కథలు, రాజాగ్రహము

భయానకరసము మన యాలంకారికులకుఁ గ్రొత్తది కాదు. భయము స్థాయిభావముగాఁ గల యీ రసమునకు భరతుఁడు మొదలుకొని పెక్కురు లక్షణము చెప్పిరి. కాని గ్రంథమంతయు భయమే ప్రధానముగా నడపుట యూరపుఖండమునఁ బదునెనిమిదవ శతాబ్ది యుత్తరార్ధమున వెలసిన పద్ధతి. ఇంగ్లండులో హోరెస్ వాల్పోలు తన 'ఒట్రాంటో దుర్గము' అను గ్రంథమును 1765లో రెండవమాఱు ముద్రించునపుడు దానిని 'గోథిక్ కథ' యని పేర్కొనెను. నాఁటినుండి యీ జాతి రచనలకు గోథిక్ నవలలను పేరు స్థిరపడెను. జర్మనులు వీనిని 'షౌయర్‌రోమాన్' అందురు; వడఁకు పుట్టించు నవల యని యర్థము. పాడువడిన కోటలు, మఠముల నేలమాళిగలు, ప్రేతములు, శాపములు వీనికి సామగ్రి.

ఈ భయమును గోటలనుండి తెచ్చి నగరవీథులలోను గృహస్థుల యిండ్లలోను నిలిపినవాఁడు ఎర్న్‌స్ట్ తేయొడోర్ అమడేయుస్ హాఫ్మను. ఈతఁడు కథకుఁడు మాత్రమే కాఁడు. సంగీతకర్త, చిత్రకారుఁడు, ప్రష్యా రాజ్యమున న్యాయాధికారి. ఈతని కథలు రోగి ప్రలాపములని విమర్శకులు కొందఱు నిందించిరి. ఈతని కలము రాజ్యరహస్యములను బయలుపెట్టినదని ప్రభుత్వము నేరము మోపెను. ఈ రెండు నిందలును ఎంతవఱకు నిలుచునో యీతని చరిత్రమువలననే తెలిసికొనవలెను.

హాఫ్మను 1776 జనవరి 24వ తేదిని ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గు పట్టణమున జన్మించెను. తత్త్వవేత్తయైన కాంటు నివసించిన పట్టణ మిదియే. తలిదండ్రులు విడిపోవుటచే నీతఁడు మాతామహి యింటఁ బెరిగెను. కులవృత్తి ననుసరించి విశ్వవిద్యాలయమున వ్యవహారధర్మమును జదివెను. మనసు మాత్రము సంగీతమునందును జిత్రలేఖనమునందును నిలిచెను. పుట్టినప్పుడు పెట్టిన పేరులోని 'విల్హెల్మ్' అను భాగమును మాని, మోట్సార్టు మీఁది భక్తిచే నాతని పేరులోని 'అమడేయుస్'ను దాల్చెను. 1800లోఁ బోజెను నగరమున నుద్యోగమునఁ బ్రవేశించెను. 1802లో నచటి వేషధారణోత్సవమున నగరములోని పెద్దల వికృతచిత్రములు కొన్ని చేతులు మాఱినవి. అవి హాఫ్మను గీసినవే యని తెలిసినంతనే పైవా రాతనిని బ్లోట్స్కను చిన్న యూరికిఁ బంపివైచిరి. అధికారమును బరిహసించుట యీతని తొలి యపరాధము. ఇరువదియేండ్ల తరువాతఁ దుది యపరాధమును నదియే యయ్యెను.

1804లో వార్సా నగరమునకు మాఱి, యచట సంగీతసమాజమొకటి నిలుపుటకుఁ దోడ్పడెను. 1806లో నెపోలియను సేనలు వార్సాను జొచ్చుటతో నచటి ప్రష్యా పరిపాలనము ముగిసెను. ఈతని యుద్యోగమును బోయెను. అంతట 1808లో బాంబెర్గు నాటకశాలలో సంగీతాధ్యక్షుఁడుగాఁ జేరెను. అచట వాద్యబృందమును నడపుటలో రాణింపఁజాలక, నాటకములకు సంగీతము కూర్చుచు, రంగస్థలపుఁ దెరలు చిత్రించుచు, పాఠములు చెప్పుచు దినములు గడపెను. ఆ లేమిలోనే యీతని కలము మేల్కొనెను. లైప్సిగు సంగీతపత్రికలో 1809లోఁ దొలి కథ 'రిట్టర్ గ్లూక్' వెలువడెను. 1810లో నా పత్రికలోనే బెథోవెను నైదవ సింఫనీని విమర్శించుచు, పదముల యూఁత లేని వాద్యసంగీతమే సంగీతకళ యొక్క శుద్ధరూపమని వాదించెను. వాదముతోఁ దృప్తినొందక, ఆరంభమునందలి చిన్న స్వరఖండము కృతియంతయు నెట్లు వ్యాపించినదో స్వరలిపి నుదాహరించుచు నిరూపించెను. ఈ వ్యాసము సంగీతవిమర్శ చరిత్రమున నొక మైలురాయి. ఈతఁడు కూర్చిన గేయనాటకము 'ఉండీనె' 1816 ఆగస్టు 3న బెర్లినులోఁ బ్రదర్శింపఁబడెను. కథయు బదములును ఫూకే కవివి. తెరలు షింకెలు శిల్పివి. వేబరు దానిని బ్రశంసించెను. కాని 1817 జులైలో నా నాటకశాల యగ్నికాహుతి యగుటతోఁ బ్రదర్శనములు నిలిచిపోయినవి.

హాఫ్మను భయానకరచనలలో 'సైతాను రసాయనములు' (1815–16) అను నవల గోథిక్ మార్గమునకుఁ జేరువయైనది. మఠమున దాఁచిన మద్యమును ద్రావి పాపమునఁ బడిన సన్న్యాసి తన్నుఁ బోలిన మఱియొక రూపముచే వెంటాడఁబడుట దానియందలి కథ. ఈతని ప్రత్యేకమార్గ మింతకంటె స్పష్టముగా 'ఇసుకమనిషి' (1816) అను కథయందుఁ గానవచ్చును. నిద్రపోని పిల్లల కన్నులలో నిసుక చల్లువాఁడొకఁడు గలఁడని బాల్యమున విన్న మాట నథానియేలను విద్యార్థి మనసున నాటుకొనును. చిన్ననాఁడు తన యింటికి వచ్చిన వకీలే యా యిసుకమనిషి యని యతఁడు నమ్మును. పెద్దయైన పిదపఁ దనకు దూరదర్శిని యమ్మినవాఁడు నాతఁడే యని శంకించును. ఆ దూరదర్శినిలోఁ జూచి వలచిన కన్యక తుదకు యంత్రపుబొమ్మ యని తేలును. ఆ వకీలును దూరదర్శిని యమ్మినవాఁడును ఒక్కఁడేనా, లేక యిది యంతయు విద్యార్థి చిత్తభ్రమమా యనుదానిని గథకుఁడు తుదివఱకుఁ దేల్పఁడు. మన సందేహాలంకారమున సందేహ ముక్తిచమత్కారము మాత్రమే. ఇచట నది కథకే ప్రాణము. చదువరికి భయము కలుగుట దయ్యమును జూచుటచేఁ గాదు, చూచినది దయ్యమో కాదో తేలకపోవుటచే. 1919లో ఫ్రాయిడు భయవిశేషమును గూర్చి వ్రాసిన వ్యాసమున నీ కథనే ప్రధానోదాహరణముగాఁ గైకొనెను.

మొదటి నింద నిఁక విచారింతము. 1827లో వాల్టరు స్కాటు, యీతని రచనలకు విమర్శకునికంటె వైద్యుఁడే యక్కఱయని యర్థము వచ్చునట్లు వ్రాసెను. గేటె కవియు నా మాట నామోదించెను. హాఫ్మను పానప్రియుఁడగుట నిజమే. నటుఁడు దెవ్రియాంతో బెర్లిను మద్యశాలలో రాత్రులు గడపుటయు నిజమే. కాని యీ కథలలోఁ బెక్కింటిని వ్రాసిన కాలముననే, 1814 మొదలుకొని, యీతఁడు బెర్లిను ఉన్నత న్యాయస్థానమునఁ బనిచేయుచుండెను. పైవా రాతని నేర్పును శ్రద్ధను మెచ్చుకొనిరి. 1817లోఁ దన ప్రియురాలిని గారణము గానరాక చంపిన యొకనిని వైద్యుఁడు 'గుప్తోన్మాదము' గలవాఁడని విడిపింపఁజూడఁగా, హాఫ్మను దాని నంగీకరింపలేదు. హేతువు కానరానంత మాత్రమున నున్మాదము సిద్ధింపదని యాతని తీర్మానము. ఉన్మాదమును గథలలో నంత చక్కఁగాఁ జిత్రించినవాఁడే, తీర్పు వ్రాయునపుడు దానికిఁ గఠినమైన ప్రమాణ మడిగెను. ఇది రోగి లక్షణము కాదు.

రెండవ నింద యింతకంటె గహనమైనది. 1819లోఁ గోట్సెబూ హత్య జరిగిన పిదప ప్రష్యా ప్రభుత్వము రాజద్రోహులను వెదకుటకు విచారణసంఘము నేర్పఱచి, హాఫ్మనును సభ్యునిగా నియమించెను. ఆతఁడు భావములు వేఱు, చేష్టలు వేఱు అని పలుమాఱు వాదించి, వ్యాయామబోధకుఁడైన యానును విడుదల చేయవలసినదని వ్రాసెను. యాను పోలీసుశాఖలోని కాంప్ట్సు మీఁద మాననష్టపు వ్యాజ్యెము తేఁగా, ఉన్నతాధికారియు ధర్మమునకు లోఁబడినవాఁడే యని దానిని స్వీకరించెను; రాజాజ్ఞయే దాని నాపెను. అంతట 'మైస్టర్ ఫ్లో' అను కథలో, నేరస్థుని ముందు పట్టినచో నేరము తనంతఁ దానే దొరకునని నమ్ము క్నార్‌పాంటి యను నధికారిని సృజించెను. ఆ పాత్ర కాంప్ట్సే యని యందఱును గుర్తించిరి. 1822 జనవరిలో వ్రాఁతప్రతి ఫ్రాంక్‌ఫర్టులోఁ బట్టువడెను. విచారణపత్రములలోని విషయములు కథలోఁ జేరెనని నేరము మోపఁబడెను. అవయవములు పక్షవాతముచేఁ బడిపోయి, కలము పట్టలేక, హాఫ్మను మంచముననుండియే తన సమాధానమును జెప్పి వ్రాయించెను. అభియోగము తేలకముందే జూను 25న మరణించెను. గ్రంథము కొన్ని భాగములు కోయఁబడి వెలువడెను. అవి ప్రభుత్వ పత్రభాండారమునఁ బడియుండి, యిరువదవ శతాబ్ది తొలి దశకమునఁ గాని వెలుఁగు చూడలేదు.

ఈ నింద నిరాధారమని చెప్పరాదు; రహస్యరక్షణము సంఘసభ్యునికి విధియే. కాని తీర్పునఁ జెప్పిన ధర్మమును రాజాజ్ఞ యాపివైచినపుడు, ఆ ధర్మమును హాస్యముగాఁ జెప్పుట కాతనికిఁ గథ యొక్కటియే మిగిలెను. విధిభంగ మాతనిదైనను, దానికిఁ గారణము ధర్మభంగము చేసినవారిదే.

షూమాను పియానో కృతులు 'క్రైస్లెరియానా' (1838), ఒఫెన్‌బాకు గేయనాటకము 'హాఫ్మను కథలు' (1881), చైకోవ్‌స్కీ 'నట్‌క్రాకర్' నృత్యనాటకము (1892) ఈతని కల్పనలనుండి పుట్టినవే. బెర్లినులో మిత్రులు నిలిపిన సమాధిఫలకము హాఫ్మనును ఉద్యోగమునందును, గవిత్వ సంగీత చిత్రకళలయందును శ్రేష్ఠునిగాఁ బేర్కొనును. ఉద్యోగమును మొదటఁ జెప్పుట గమనింపఁదగినది. ప్రభుత్వ మాతనిపై నేరము మోపినది యా యుద్యోగవిషయముననే.