రక్తపింజర కాటు: గడ్డకట్టని నెత్తురే అసలు ముప్పు

తొలకరి పడి పొలం పనులు ఊపందుకున్నాయంటే పల్లెల్లో పాముకాట్లు పెరుగుతాయి. ఎలుకల కోసం గట్లను, గడ్డివాములను ఆశ్రయించే రక్తపింజర వీటిలో మిక్కిలి ప్రమాదకరమైనది. నాగుపాము, కట్లపాముల విషం ప్రధానంగా నరాలపై పనిచేసి ఊపిరిని స్తంభింపజేస్తుంది. రక్తపింజర విషం గురి మాత్రం నెత్తుటిపైనే. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించినట్లు 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

గాయమైనప్పుడు కాలేయం తయారుచేసిన కొన్ని ప్రొటీన్లు ఒకదాని వెంట ఒకటి మేల్కొని, చివరకు ఫైబ్రినోజెన్‌ను దారాల వల వంటి ఫైబ్రిన్‌గా మారుస్తాయి. నెత్తురు గడ్డకట్టేది ఆ వలలోనే. రక్తపింజర విషంలోని ఎంజైములు ఈ ప్రొటీన్లలో ఐదవ, పదవ కారకాలను గాయంతో నిమిత్తం లేకుండానే రెచ్చగొడతాయి. దాంతో రక్తనాళాల్లో అనవసరంగా గడ్డకట్టే ప్రక్రియ సాగి, కొద్ది గంటల్లోనే ఫైబ్రినోజెన్ నిల్వలు హరించుకుపోతాయి. ఆపై చిగుళ్ల నుంచి, సూది గుచ్చిన చోటు నుంచి నెత్తురు కారుతూనే ఉంటుంది. మూత్రం ఎర్రబడవచ్చు. మెదడులో రక్తస్రావమైతే ప్రాణానికే ముప్పు.

షాక్ అంటే దిగ్భ్రాంతి కాదు

వాడుకలో షాక్ అంటే కరెంటు దెబ్బ, లేదా మనసుకు తగిలిన దెబ్బ. వైద్యంలో అర్థం వేరు. అవయవాలకు చాలినంత రక్తం అందని స్థితి అది. రక్తపింజర కాటులో ఒకవంక రక్తస్రావం జరుగుతుండగా, మరోవంక సన్నని రక్తనాళాల గోడల నుంచి ద్రవం బయటికి ఊరిపోతుంది. నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకోవడం, చల్లని చెమటలు, మగత, మూత్రం తగ్గడం దీని లక్షణాలు. కళ్లు, చెంపలు ఉబ్బడం కూడా చెడు సూచనే. మూత్రపిండాలు దెబ్బతింటే డయాలసిస్ తప్పకపోవచ్చు.

ఇరవై నిమిషాల పరీక్ష

కాటు గుర్తులను చూసి విషమెక్కిందో లేదో తేల్చలేరు. అందుకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల తాజా రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. ఇంకా నీళ్లలా జారితే విషం పనిచేస్తున్నట్లే. ప్లాస్టిక్ గొట్టం వాడితే ఫలితాన్ని నమ్మరాదు. మొదట గడ్డకట్టినా పరీక్షను మళ్లీ మళ్లీ చేయాలి, రోగిని కనీసం 24 గంటలు కనిపెట్టి ఉండాలి.

గుర్రాల రక్తం నుంచి తయారుచేసే విషవిరుగుడు మందే దీనికి అసలు చికిత్స. సాధారణంగా మొదట 10 సీసాల మందును సెలైన్‌లో కలిపి గంట వ్యవధిలో ఎక్కిస్తారు. పాము పిల్లలకని తక్కువ విషం కక్కదు గనుక చిన్నారులకూ అదే మోతాదు. కాలేయం ప్రొటీన్లను తిరిగి సమకూర్చుకోవడానికి సమయం పడుతుంది కాబట్టి ఆరు గంటల తర్వాత మళ్లీ గొట్టం పరీక్ష చేసి, అవసరమైతే మరో మోతాదు ఇస్తారు. విరుగుడు ఇవ్వకుండా ప్లాస్మా మాత్రమే ఎక్కిస్తే విషం దాన్నీ హరిస్తుంది. ఈ మందు కొందరికి వికటించి అదీ షాక్‌కు దారితీయవచ్చు. అందుకే వైద్యులు అడ్రినలిన్‌ను చేతికందేలా సిద్ధంగా ఉంచుకుంటారు.

తాడు కట్టవద్దు

కాటుకు పైన తాడు బిగిస్తే ఆ అవయవానికే చేటు. గాటు పెడితే, గడ్డకట్టే గుణం కోల్పోయిన నెత్తురు ఆగదు. ఆస్పిరిన్ వంటి మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి. మంత్రంతో బతికారనే కథలు ప్రతి ఊళ్లోనూ వినిపిస్తాయి. విషం దిగని కాటులూ, విషంలేని పాముల కాటులూ అనేకం కావడమే వాటి రహస్యం. కాటుపడిన కాలిని కదలనీయకుండా కర్రబద్దతో ఆనించి, రోగిని నడిపించకుండా 108 వాహనంలోనో, దొరికిన మరే బండిలోనో ఆసుపత్రికి చేర్చాలి. పామును చంపి వెంట తీసుకెళ్లనవసరం లేదు. ఏ పాము కరిచినా, దేశంలో ముఖ్యమైన నాలుగు విషసర్పాలకూ పనిచేసే ఒకే మందును ఇస్తారు.