రక్తంలో విటమిన్లు తగ్గితే రొమ్ము కాన్సర్ వస్తుందా?

రొమ్ము కాన్సర్ వచ్చిన స్త్రీల రక్తం పరీక్షిస్తే చాలామందిలో విటమిన్-డి తక్కువగా కనిపిస్తుంది. జింకు తగ్గి, రాగి పెరిగి ఉండటం కూడా అనేక పరిశీలనల్లో తేలింది. "అయితే బలం మాత్రలు మింగితే సరి!" అనుకుంటారు చాలామంది. వట్లూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఏ మందుల షాపులోనైనా అవి చీటీ లేకుండానే దొరుకుతాయి కూడా. కాని విషయం అంత తేలిక కాదు.

ఒంట్లో జబ్బు ఉన్నప్పుడు రాగిని మోసే ప్రోటీనును కాలేయం ఎక్కువగా తయారుచేస్తుంది. రక్తంలోని జింకు కణాల్లోకి పోతుంది. అంటే ఈ మార్పుల్లో కొన్ని జబ్బు వల్ల వచ్చినవే. చేలో నీళ్లు నిలిచాక కప్పలు చేరితే, కప్పల వల్లే నీళ్లొచ్చాయంటామా? అమెరికాలో సుమారు 26 వేలమందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2018లో వెలువడ్డాయి. రోజూ 2,000 యూనిట్ల విటమిన్-డి వాడినవారికీ, వాడనివారికీ రొమ్ము కాన్సర్ రావటంలో తేడా కనిపించలేదు.

1895లో మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధన ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఫోలిక్ ఆమ్లం రక్తం పట్టటానికి అవసరమైన విటమిన్. 1940లలో దాన్ని లుకేమియా పిల్లలకు ఇస్తే జబ్బు ముదిరినట్లు కనిపించింది. అప్పుడు ఆ విటమిన్‌కు అడ్డుపడే మందులను ఆయన బృందం తయారుచేసింది. ఆ కోవలోదే మెథోట్రెక్సేట్. 1970ల నుంచి ఎంతోకాలం రొమ్ము కాన్సర్‌కు కలిపి ఇచ్చిన మూడు మందుల్లో ఇదొకటి. డాక్టరు విటమిన్‌కు అడ్డుపడే మందిస్తుంటే, ఇంట్లో చాటుగా ఆ విటమినే మింగితే ఏమౌతుంది?

కెపిసిటబిన్ మాత్రలు వాడేవారు ఫోలిక్ ఆమ్లం మింగితే విరేచనాలు, నోటిపూత ప్రమాదకరంగా పెరగవచ్చు. కీమోకు ముందూ, కీమో సమయంలోనూ ఏ, సి, ఇ విటమిన్లు, బి-12 మాత్రలు వాడినవారిలో ఫలితాలు అంత బాగా లేవని 2019లో ఒక అమెరికన్ పరిశీలన హెచ్చరించింది.

అలాగని విటమిన్లన్నీ శత్రువులని కాదు. లెట్రోజోల్ వంటి మాత్రలు ఎముకలను బలహీనపరుస్తాయి. వాటిని వాడేవారికి కాల్షియం, విటమిన్-డి అవసరమే. అయితే మోతాదు చెప్పవలసింది డాక్టరు, షాపువాడు కాదు. మీరు వాడే ప్రతి మాత్రా, టానిక్కూ, పొడీ డాక్టరుకు చూపించండి. కొల్లేటి చేపలు, గుడ్లు, పప్పు, ఆకుకూరలు బాగా ఉడికించి తినండి.

అన్నిటికన్నా ముఖ్యం: రొమ్ములో గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి నెత్తురు వచ్చినా, "నొప్పి లేదు గదా" అని ఊరుకోకండి. బలం మాత్రలతో నెలలు గడపకుండా ఈ వారంలోనే ఏలూరు వెళ్లి డాక్టరుకు చూపించుకోండి. తొలిదశలో పట్టుకుంటే ఈ జబ్బు నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ.