చాల్మర్స్ ద్వారం వద్ద భారతీయ విద్యార్థి

స్వీడన్ దేశపు పశ్చిమ తీరాన గోథెన్‌బర్గ్ రేవు పట్టణంలో 1811లో విలియం చాల్మర్స్ అనే వర్తకుడు కన్నుమూశాడు. స్వీడిష్ ఈస్టిండియా కంపెనీకి అతడు డైరెక్టరు. పేరులో ఇండియా ఉన్నా ఆ కంపెనీ ఐశ్వర్యం ప్రధానంగా చైనా తేయాకు వల్ల వచ్చినదే. చాల్మర్స్ కూడా కాంటన్ రేవులో ఏళ్ల తరబడి కంపెనీ పనులు చక్కబెట్టినవాడే. మరణశాసనంలో అతడు తన ఆస్తిలో ఒక భాగాన్ని ఆసుపత్రికి, మరొక భాగాన్ని పేదపిల్లలకు పనివిద్యలు నేర్పే పాఠశాలకు రాసిపోయాడు. 1829లో తలుపులు తెరిచిన ఆ పాఠశాలే ఈనాటి చాల్మర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం. పేదపిల్లల కోసం పుట్టిన ఆ విద్యాలయంలో వాస్తుశిల్పం చదువగోరే భారతీయ విద్యార్థి నేడు ముందుగా తిరగవేయవలసింది తన తండ్రి బ్యాంకు పుస్తకాన్ని!

2011 వరకు స్వీడన్ విశ్వవిద్యాలయాలలో విదేశీయుల వద్ద సైతం బోధన రుసుము పుచ్చుకునేవారు కారు. ఆ ఏడాది శరదృతువు నుంచి ఐరోపా ఆర్థిక మండలానికి, స్విట్జర్లాండుకు వెలుపలి నుంచి వచ్చేవారికి రుసుము విధించారు. ఇంజనీరింగ్ శాఖల కంటే వాస్తుశిల్ప శాఖకు అది అధికం. రెండేళ్లకు కలిపి రూపాయలలో చూస్తే లెక్క పదుల లక్షలకు చేరుతుంది. మన మధ్యతరగతి కుటుంబాలలో దీని అర్థం ఇల్లో పొలమో బ్యాంకు తాకట్టుకు పోవడం. అంతటి భారానికి ఒడిగట్టే ముందు ఆ విద్యాలయం ఏమి నేర్పుతుందో, ఎటువంటి వారిని కోరుకుంటుందో తెలుసుకోవాలి. విచిత్రమేమంటే, రుసుము లెక్కలు నెలల తరబడి వేసేవారు కూడా ఈ సంగతిని ఆఖరి వారానికి వదిలేస్తారు.

చాల్మర్స్‌లో వాస్తుశిల్పానికి ఆంగ్ల మాధ్యమంలో రెండు స్నాతకోత్తర కోర్సులు ఉన్నాయి. ఒకటి వాస్తుశిల్పం, నగర రూపకల్పన. రెండవదాని పేరును తెలుగు చేస్తే ‘సుస్థిరతకు ఆవల వాస్తుశిల్పం, ప్రణాళిక’ అవుతుంది. పేరు కాస్త గంభీరంగా ఉన్నా ఉద్దేశం స్పష్టమే: భూమికి హాని తగ్గించడంతో ఆగక, పాడైనదాన్ని బాగుచేయడం కూడా శిల్పి పనేనన్నది. ఒక్కొక్క కోర్సు రెండేళ్లు, 120 క్రెడిట్లు. చివరి అర్ధసంవత్సరం సిద్ధాంత ప్రాజెక్టుకు పోతుంది. చదువులో అధికభాగం స్టూడియోలలోనే సాగుతుంది. అక్కడ ఆచార్యుణ్ణి సైతం పేరుపెట్టి, ‘నువ్వు’ అని సంబోధిస్తారు. 1960ల చివరి నుంచి దేశమంతటా అదే మర్యాద. ‘సార్’ అననిదే నోరు పెగలని మన పిల్లలకు తొలి నెలలో చలికన్న ఇదే ఎక్కువ ఇబ్బంది పెట్టవచ్చు.

ఆ విద్యాలయం దేనికి విలువనిస్తుందో తెలియాలంటే ఊరిని చూడాలి. పందొమ్మిదవ శతాబ్దిలో అగ్నిభయం వల్ల గోథెన్‌బర్గ్‌లో కొయ్య ఇళ్లు రెండు అంతస్తులు మించరాదని నిబంధన ఉండేది. 1870లలో శ్రామికులకు చవక ఇళ్లు అవసరమైనప్పుడు ఒక ఉపాయం తట్టింది. కింది అంతస్తును ఇటుకతోనో రాతితోనో కట్టి, దానిపై రెండు కొయ్య అంతస్తులు లేపారు. నిబంధన చెక్కుచెదరలేదు, ఇల్లు మాత్రం మూడంతస్తులైంది. ‘గవర్నరు ఇళ్లు’ అని పిలిచే ఈ భవనాల వరుసలు నేటికీ ఆ నగరపు ఆనవాలు. అదే ఊళ్లో పాత న్యాయస్థాన భవనానికి చేర్పు కట్టే పోటీలో శిల్పి గున్నార్ అస్‌ప్లుండ్ 1913లో నెగ్గాడు. కట్టడం పూర్తయింది 1937లో! మధ్య కాలంలో పాతదాని పక్కన కొత్తది ఏ ముఖంతో నిలవాలన్న ప్రశ్నతో అతడు నమూనాలు మార్చి మార్చి గీశాడు. ఆ తరువాత 1965, 1974ల మధ్య స్వీడన్ ప్రభుత్వం పది లక్షల నివాసాలు కట్టించే పథకం చేపట్టి నెరవేర్చింది. ఆ ఇళ్లకిప్పుడు అరవైఏళ్ల వయస్సు వస్తున్నది. వాటిని కూల్చాలా, కాపాడాలా, మార్చాలా అన్నది అక్కడి శిల్పుల నేటి సమస్య. కొత్త గోపురం ఊహించగలవారి కంటే ఉన్న గోడను అర్థం చేసుకోగలవారికి అక్కడ పని ఎక్కువ.

దరఖాస్తుతో పంపే పని నమూనాల పుస్తకం, అనగా పోర్ట్‌ఫోలియో, కీలకమయ్యేది ఇక్కడే. స్వీడిష్ భాషలో దీనిని ‘అర్బేట్స్‌ప్రూవ్’ అంటారు. ఆ మాటకు ‘పని మచ్చు’ అనే అర్థం, అంతకు మించిన ఆడంబరం లేదు. ముడిబియ్యం కొనేవాడు బస్తాలోంచి గుప్పెడు తీసి చూసినట్లే వారు చూస్తారు. మనవాళ్లు మాత్రం బస్తాను యథాతథంగా పంపబోతారు: ఐదేళ్ల ప్రాజెక్టులన్నీ, కంప్యూటరు గీసిన సూర్యాస్తమయాలన్నీ, పొందిన ధ్రువపత్రాలన్నీ. పుటల సంఖ్యకు పరిమితి ఉంటుంది కనుక ప్రతి బొమ్మా తపాలా బిళ్ల అంత అవుతుంది. ఆ ఇరుకులో ఆలోచన కనిపించదు.

నిజానికి మన విద్యార్థి వద్ద మేలైన సరుకే ఉంటుంది. భారతదేశపు వాస్తుశిల్ప కళాశాలలలో పాత కట్టడాలను కొలిచి చిత్రాలు గీయించే అభ్యాసం ఉన్నది. కోనసీమలో ఒక మండువా లోగిలిని నాలుగు రోజులు కొలిచిన విద్యార్థికి, మండువాలో కురిసిన వాన ఏ తూము గుండా పోతుందో, మధ్యాహ్నం ఏ వసారాకు నీడ చేరుతుందో, అన్నదమ్ములు విడిపోయినప్పుడు గోడ ఎక్కడ లేచిందో తెలుసు. ఆ చివరి గోడ ఒక్కటే ఒక మంచి ప్రాజెక్టుకు చాలు. కానీ ‘మొదటి సంవత్సరం పని’ అని దానిని వదిలేసి, దుబాయిని పోలిన గాజు మేడను ముందు పుటలో పెడతారు. గాజు మేడలు అక్కడి అధ్యాపకులు చూడనివి కావు. మండువాను వారు చూసి ఉండరు. దానిని పొరుగువాడికి బోధపడేలా ఒక నిలువుకోత చిత్రంతో, నాలుగు వాక్యాలతో చెప్పగలగడమే పరీక్ష. నలుగురు కలిసి చేసిన పనిలో తనది ఏ భాగమో స్పష్టంగా రాయాలి. మొహమాటపడి రాయకపోతే తనదేదీ లేదనే అనుకుంటారు.

దరఖాస్తు చాల్మర్స్‌కు నేరుగా పోదు. స్వీడన్‌లోని విశ్వవిద్యాలయాలన్నింటికీ ఒకే కేంద్ర ప్రవేశ కార్యాలయం ఉన్నది. అక్టోబరు నడుమ మొదలై జనవరి నడుమతో గడువు ముగియడం పరిపాటి. పత్రాలకు, 900 క్రోనాల దరఖాస్తు రుసుముకు ఫిబ్రవరి ఆరంభం వరకు వ్యవధి ఇస్తారు. నాలుగు కోర్సుల వరకు ఎంచుకుని వరుసక్రమంలో పెట్టాలి. ఈ వరుసను తేలికగా తీసుకోరాదు. పై కోర్సులో చోటు దొరికితే కింది కోర్సులు తమంతట తామే రద్దవుతాయి. స్టాక్‌హోంలోని రాయల్ సాంకేతిక విద్యాలయం వంటివి తమను మొదటి స్థానంలో పెట్టినవారికే ఉపకార వేతనం ఇస్తాయి. అది కూడా బోధన రుసుము వరకే. ఆంగ్లానికి ఐఇఎల్‌టిఎస్‌లో మొత్తం మీద 6.5, ఏ విభాగంలోనూ 5.5కు తగ్గకుండా రావాలి. చోటు దొరికాక నివాసానుమతికి నెలకు పది వేల క్రోనాలకు పైగా చొప్పున జీవనవ్యయం సొంత ఖాతాలో చూపాలి.

ఇంత చేసి తెచ్చుకున్న పట్టా స్వదేశంలో వృత్తికి తప్పనిసరి కాదు. 1972 నాటి వాస్తుశిల్పుల చట్టం కింద నమోదుకు ఇక్కడి ఐదేళ్ల పట్టాయే చాలు. స్వీడన్‌లో ఉండిపోదామంటే, పాఠాలు ఆంగ్లంలో సాగినా, నగరపాలక సంస్థతో ఉత్తర ప్రత్యుత్తరాలు స్వీడిష్‌లోనే. కనుక పట్టా కోసం కాక ఆ ప్రశ్నల కోసం వెళ్లేవారికే ఈ ఖర్చు గిట్టుతుంది. మిగిలినవారు అదే సొమ్ముతో స్వగ్రామంలో కార్యాలయం తెరవవచ్చు.

ఆఖరి సంవత్సరం చదువుతున్నవారికి మరో చిక్కు. వారు ఫలానా నెలలో పట్టభద్రులవుతారని విశ్వవిద్యాలయ అధికారి లిఖితపూర్వకంగా చెప్పాలి. కళాశాల ప్రిన్సిపాల్ మాట చాలకపోవచ్చు. రిజిస్ట్రారు సంతకానికో, పరీక్షల నియంత్రణాధికారి ముద్రకో మనదేశంలో ఎన్ని రోజులు పడుతుందో తెలియనిది కాదు. ఆ పనికి నవంబరులోనే కదలాలి. డిసెంబరు పరీక్షలతో సరిపోతుంది. జనవరి నడుమ గడువు ముగిసే వేళకు తెలుగునాట కార్యాలయాలు సంక్రాంతి సెలవులలో ఉంటాయి.