విద్యుత్ కారుపై మక్కువయు, రైతు లెక్కయు

రైతునకు బండిపై మక్కువ నేడు పుట్టినది కాదు. మంచి ఒంగోలు గిత్తల జతను గూడుబండికి కట్టి, మువ్వల చప్పుడుతో తిరునాళ్లకు పోవుట మన పెద్దలకెంత ముచ్చటయో అందరు నెరిగినదే. అయినను వారు జత ఖరీదెంత, మేతకెంతగును, ఏటికెన్ని దినములు పని చేయును అని లెక్క చూచుకొనిన పిమ్మటనే సంతకు బయలుదేరెడివారు. కొని తెచ్చిన పిమ్మట మాత్రము ఆ పశువులను కన్నబిడ్డలవలె చూచుకొనెడివారు. లెక్క ముందు, ప్రేమ వెనుక. ఇది మన సేద్యపు మర్యాద.

ఇప్పుడు విజయవాడ వీథులలోను, బందరు రోడ్డు మీదను, గుడివాడ, పామర్రు, అవనిగడ్డ దారులలోను పొగ లేక, చప్పుడు లేక పోవు కరెంటు కార్లు కానవచ్చుచున్నవి. వానిని కొనినవారు కొందరు కలిసినచోటనెల్ల ఆ కారు గుణములనే వర్ణించుచున్నారు. వినినవారికి కోరిక పుట్టుట సహజము. కాని యిక్కడ ప్రేమ ముందు నడిచి లెక్క వెనుకబడుచున్నదేమోయను శంక కలుగుచున్నది. కావున ఆ మక్కువకు గల కారణములను, దాని వెనుకనున్న ఖర్చును, జాగ్రత్తలను, మన సంఘములు చేయదగిన సాయమును విచారింతము.

పుట్టుపూర్వోత్తరములు

విద్యుత్తుతో నడచు బండి క్రొత్త వింత యని పలువురి తలంపు. నిజమునకది పెట్రోలు కారుతో కలసి పెరిగినదే. 1899వ సంవత్సరమున కామీ జెనాట్సీ యను బెల్జియము దేశస్థుడు ఫ్రాన్సులో విద్యుత్ బండిని గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగమున నడపెను. నేలమీద పోవు మోటారుబండి ఆ వేగమును దాటుట అదియే మొదలు. తరువాత పెట్రోలు చౌకయయ్యెను. 1912లో మర త్రిప్పు పనిలేకుండ మీట నొక్కినంతనే ఇంజను కదలు ఏర్పాటు అమెరికాలో వచ్చెను. బరువైన సీసపు బ్యాటరీల బండి క్రమముగా మూలబడెను.

1991లో లిథియము బ్యాటరీ అంగడిలోనికి వచ్చుటతో దానికి మరల జీవము వచ్చినది. ఆ బ్యాటరీకి దారి చూపిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెలు బహుమానము లభించెను. మన దేశమున 2001లో చేతన్ మైనీ బెంగుళూరునుండి రేవా యను చిన్న విద్యుత్ కారును విడుదల చేసెను. 2010లో ఆ సంస్థ మహీంద్రావారి చేతికి వచ్చెను. 2020 జనవరిలో టాటావారి నెక్సాన్ విద్యుత్ కారు వచ్చిన పిమ్మటనే సామాన్య గృహస్థులు ఈ బండ్ల వైపు చూడసాగిరి.

మక్కువకు కారణములు

ఒకసారి నడపి చూచినవాడు మొదట చెప్పునది నిశ్శబ్దము. ఇంజను అదురు లేదు. గేరులు మార్చుట లేదు. క్లచ్ తొక్కుట లేదు. కాలు మోపినంతనే బండి సాగును. పెట్రోలు ఇంజను వేగము పుంజుకొనిన తరువాతనే పూర్తి బలమును చూపును. విద్యుత్ మోటారు నిలిచియున్నచోటినుండియే బలముగా లాగును. బరువు బండిని బురదలోనుండి ఒక్క ఊపున లాగు ఎద్దును చూచినవానికి ఈ గుణము వెంటనే బోధపడును. కాలువగట్టు దారిలో కిటికీ అద్దము దించుకొని పోవునప్పుడు నీటి సవ్వడియు, పైరగాలియు చెవికి సోకును.

రెండవది, బ్రేకు వేసినప్పుడు కలుగు లాభము. కాలు ఎత్తినను, బ్రేకు తొక్కినను మోటారే జనరేటరుగా మారి బండి వేగమును మరల కరెంటుగా చేసి బ్యాటరీకి పంపును. ఇంద్రకీలాద్రి ఘాటుదారి దిగునప్పుడు ఎక్కుటకైన ఖర్చులో కొంత తిరిగి వచ్చుచుండుట ఎదుటి పలక మీద అంకెలతో కానవచ్చును. పారిన నీటిని తిరిగి చేనికి ఎక్కించుకొనినంత సంతోషము రైతునకు కలుగును.

మూడవది ఇంటనే మేత. పెట్రోలు బంకునకు పోనక్కరలేదు. రాత్రి పశువును గాడియొద్ద కట్టి మేత వేసినట్లు, కారును వసారాలో నిలిపి తీగ తగిలించిన తెల్లవారుసరికి సిద్ధముగా నుండును. నూనె మార్చుట, వడపోత డబ్బాలు మార్చుట వంటి పనులు లేవు. కదలు భాగములు తక్కువ గనుక అరుగుదల తక్కువ. విజయవాడలోని జవహర్ ఆటోనగరులో ఇంజను విప్పి కూర్చు విద్యలో ఆరితేరిన పనివారు వేలమంది జీవించుచున్నారు. వారి బిడ్డలు ఇప్పుడే విద్యుత్ బండ్ల పని నేర్చుకొనుట మేలు.

ఖర్చుల లెక్క

ఇక లెక్కకు వత్తము. చిన్న విద్యుత్ కారు మీటరుపై ఒక యూనిటుకు సుమారు 6 కిలోమీటర్లు నడచుననియు, యూనిటు వెల 9 రూపాయలనియు తీసికొందము. కిలోమీటరుకు రూపాయిన్నర అగును. పెట్రోలు లీటరు 110 రూపాయలనియు, లీటరుకు 16 కిలోమీటర్లనియు తీసికొనిన కిలోమీటరుకు ఇంచుమించు 7 రూపాయలు. అనగా కిలోమీటరుకు ఐదున్నర రూపాయలు మిగులును.

అయితే అదే తరగతి పెట్రోలు కారుకంటె విద్యుత్ కారు వెల అధికము. విద్యుత్ బండ్లపై జి.ఎస్.టి. 2019 ఆగస్టునుండి 5 శాతము మాత్రమే యైనను, 2025 సెప్టెంబరు 22నుండి చిన్న పెట్రోలు కార్లపై పన్ను 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గుటచే వెలల నడిమి అంతరము తేలికగా పూడుట లేదు. ఆ అంతరము 3 లక్షల రూపాయలనుకొందము.

దినమునకు 50 కిలోమీటర్లు, అనగా నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగు సభ్యునకు నెలకు 8,250 రూపాయలు, ఏటికి దాదాపు లక్ష రూపాయలు మిగులును. అధికముగా పెట్టిన సొమ్ము మూడు నాలుగేండ్లలో తిరిగి వచ్చును. నెలకు 300 కిలోమీటర్లు మాత్రమే తిరుగువానికి ఏటికి మిగులునది 19,800 రూపాయలు. ఆ 3 లక్షలను నూటికి 9 రూపాయల వార్షిక వడ్డీకి అప్పు తెచ్చినయెడల వడ్డీయే ఏటికి 27,000 రూపాయలు! అట్టివాడు పెట్రోలు బంకునకు ఇచ్చుట మాని బ్యాంకునకు ఇచ్చుచున్నాడు. అంతకంటె వేరు లాభము లేదు. వెలలు మారినప్పుడు ఎవరి అంకెలు వారు వేసికొనవలెను; లెక్క పద్ధతి మాత్రము ఇదియే. ఈ కారు తిరిగిన కొలది లాభము, నిలిచిన కొలది భారము.

ఎంత దూరము పోవునని అందరు నడుగుదురు. కంపెనీవారు చెప్పు అంకెలో మూడింట రెండు వంతులు నమ్ముకొని పయనము కట్టుకొనుట క్షేమము. 300 అని చెప్పిన బండిని 200 అని తలంపుడు. విజయవాడనుండి మచిలీపట్టణము ఇంచుమించు 70 కిలోమీటర్లే గనుక పోయి వచ్చుటకు చింత లేదు. హైదరాబాదు సుమారు 275 కిలోమీటర్లు. చిన్న కారైనచో సూర్యాపేట ప్రాంతమున ఆగి వేగముగా నింపు కేంద్రమున ఇంచుమించు ఒక గంట గడుపవలసియుండును. చాల కంపెనీలు బ్యాటరీకి 8 ఏండ్లు లేక 1,60,000 కిలోమీటర్లు పూచీ యిచ్చుచున్నవి. కారు వెలలో పెద్ద భాగము బ్యాటరీదే గనుక ఆ పూచీపత్రమును చదివి దాచుకొనవలెను.

ఇంటి కరెంటు, చేని కరెంటు

ఇచట రైతు తప్పక తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. వ్యవసాయ మోటారుకు ఇచ్చిన ఉచిత కరెంటును కారుకు వాడరాదు. ఇచ్చిన పనికిగాక వేరుపనికి కరెంటు వాడుట 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రిందకు వచ్చును. రెండింతల రేటుతో సొమ్ము కట్టవలసి వచ్చును. బోరు షెడ్డులోనుండి తీగ లాగు ఆలోచనను మొదటనే మానుకొనుట మంచిది.

ఇంటి సర్వీసునుండి నింపుట న్యాయమే. కాని మన రాష్ట్రమున ఇంటి కరెంటు వాడకము పెరిగిన కొలది పై యూనిట్ల రేటును పెరుగును. కారు వచ్చిన నెలలో బిల్లు ఏల పెరిగినదని ఆశ్చర్యపడకుండుటకే పై లెక్కలో యూనిటుకు 9 రూపాయలు వేసితిమి. ఇంటి మంజూరు లోడు ఒకటి రెండు కిలోవాట్లే యున్నయెడల ముందుగా దానిని పెంచుకొనవలెను. 15 ఆంపియర్ల ప్లగ్గు మూడు కిలోవాట్లకు మించి లాగును. 24 యూనిట్ల బ్యాటరీ నిండుటకు ఎనిమిది తొమ్మిది గంటలు పట్టును. కారు ప్లగ్గునకు ప్రత్యేకపు తీగ, మంచి ఎర్తింగు, ఫ్యూజు ఉండవలెను.

డాబామీద సూర్యఫలకములు పెట్టుకొనిన సభ్యునకు మరింత సౌలభ్యము. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన పీఎం సూర్యఘర్ పథకమున 3 కిలోవాట్ల ఏర్పాటునకు 78,000 రూపాయల రాయితీ నిర్ణయింపబడినది. అట్టి ఏర్పాటు మంచి ఎండ దినమున ఇంచుమించు 12 యూనిట్లు ఇచ్చును. అది 70 కిలోమీటర్ల పయనమునకు చాలును. మన పైరును పండించు సూర్యుడే మన బండిని నడపుట కంటె రైతునకు ముచ్చటయేమి?

నిప్పు, వరద, ఎండ

ప్రేమ యెంతయున్నను జాగ్రత్త మరువరాదు. 2022 ఏప్రిల్ నెలలో విజయవాడ సూర్యారావుపేటలో పడకగదియందు కరెంటు పెట్టిన స్కూటరు బ్యాటరీ ప్రేలి ఒకరు మరణించిరి. ఆయన కుటుంబమువారు గాయపడిరి. అది స్కూటరు బ్యాటరీయే యైనను పాఠము అందరికిని ఒకటే. నిదురించు గదిలో ఏ బ్యాటరీని నింపరాదు. కారును గడ్డివాము ప్రక్కను, కట్టెల పాక ప్రక్కను నిలిపి నింపరాదు. అతుకుల తీగలు వాడరాదు. ఆ దుర్ఘటనల పిమ్మట ప్రభుత్వమువారు 2022 డిసెంబరునుండి బ్యాటరీల పరీక్షలను కఠినము చేసిరి. అయినను ఇంటివారి జాగ్రత్తకు బదులు వేరొకటి లేదు.

వరద మాట మన డెల్టావారికి చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగరు మున్నగు పేటలు దినములకొలది నీటనుండెను. ప్రకాశము బ్యారేజినుండి 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు సాగెను. సామాన్యముగా కార్ల బ్యాటరీ పెట్టెలను ఒక మీటరు లోతు నీటిలో అరగంట నిలుచునట్లు పరీక్షింతురు. కావున వాననీటి గుంటకు భయపడనక్కరలేదు. కాని నాళ్ల తరబడి మునిగిన బండి సంగతి వేరు. దానిని కదల్చరాదు, కరెంటు పెట్టరాదు. ఇంటికి దూరముగా నుంచి కంపెనీ పనివారిని పిలువవలెను. లంక గ్రామములవారు వరద హెచ్చరిక వినినంతనే పశువులతోబాటు కారును గూడ మెరకకు చేర్చుకొనవలెను.

మే నెల ఎండ బ్యాటరీకి శత్రువు. నిండుగా నింపి ఎండలో దినములకొలది నిలుపరాదు. చెట్టు నీడయో, పాకయో చూడవలెను. మరియొక మాట: చప్పుడు లేని బండి గ్రామపు సందులలో పిల్లలకును పశువులకును అపాయము. నెమ్మదిగా నడపుట మనయందే యున్నది.

పొగ లేదను మాటలో సగము నిజమే కలదు. మన ప్రాంతపు కరెంటులో చాల భాగము ఇబ్రహీంపట్నములోని నార్ల తాతారావు విద్యుత్ కేంద్రమువంటి బొగ్గు కేంద్రములనుండి వచ్చుచున్నది. బెంజి సర్కిలు వద్ద తగ్గిన పొగ కొంత అచ్చటి గొట్టమునుండి వెడలును. అయినను పెట్రోలు శక్తిలో మూడవ వంతైనను చక్రమునకు చేరదు. విద్యుత్ మోటారు తనకిచ్చిన శక్తిని అత్యధికముగా పనికి మార్చును. కరెంటు సూర్యునినుండి, గాలినుండి వచ్చిన కొలది ఆ కారు దానంతటదియే మరింత శుభ్రమగును.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్కరికి భారమైనది పదుగురికి తేలిక యనుటయే సహకార సూత్రము. 2023లో కేంద్ర ప్రభుత్వము ప్రాథమిక సంఘములకు సిద్ధపరచిన మాదిరి ఉపనియమములలో పెట్రోలు బంకు నడపుట మొదలగు అనేక వ్యాపకములకు చోటు కలదు. ఛార్జింగు కేంద్రము పెట్టుటకు లైసెన్సు అక్కరలేదని 2018లోనే కేంద్ర విద్యుత్ శాఖ తెలిపియున్నది. ఎరువుల గోడౌను ఆవరణలో విడి మీటరుతో రెండు ప్లగ్గులు, పైకప్పున సూర్యఫలకములు ఏర్పరచిన సభ్యుల కార్లకును, ఆటోలకును ఆధారముగా నుండును. పాలు, కూరగాయలు నిత్యము ఒకే దారిన మోయు బండ్లే ముందుగా విద్యుత్తునకు మారదగినవి. ఏలయన వాని దూరము తెలిసినది, తిరుగుడు ప్రతిదినము.

సంఘ పాలకవర్గములు ఒక నియమమును మాత్రము గట్టిగా పాటింపవలెను. పంట ఋణము పంటకే. సార్వా పెట్టుబడికై తెచ్చిన తక్కువ వడ్డీ సొమ్ము కారు ముందువాయిదాకు పోయినయెడల దాళ్వానాటికి ఎరువు కట్టకు చేయి చాపవలసి వచ్చును. కారు కొనదలచినవారు వాహనపు అప్పును వేరుగా తీసికొని, నెల వాయిదా పంట రాబడిమీదగాక పాడి, అద్దె, జీతము వంటి నెలసరి రాబడిమీద నిలుచునో లేదో చూచుకొందురుగాక.

కొనదలచిన సభ్యులు తమ యింట కాగితము తీసికొని మూడు అంకెలు వ్రాయుడు: నెలకు తిరుగు కిలోమీటర్లు, అధికముగా పెట్టవలసిన వెల, దానిపై వడ్డీ. ఆ లెక్క సరిపడినవారు నిస్సంకోచముగా కొందురుగాక, మనసార ప్రేమింతురుగాక. ఆ బండి ఆ ప్రేమకు తగినదే. సరిపడనివారు మరికొన్నాళ్లు ఓపికపట్టుదురుగాక. బ్యాటరీ వెల ఏటేట తగ్గుచు వచ్చుచున్నది. ఓపిక పట్టినవానికి నష్టము లేదు.